గీత దాటి పోసిన నూనె

మా చిన్నప్పుడు దసరా నాడు మా ఇంట్లో ఏ గిన్నే వెలితిగా ఉండకూడదు... నీళ్ళ బిందెలు, దీపపు కుందులు, ఉప్పు జాడీ, ఆఖరికి పశువుల కుడితి తొట్టి కూడా అంచుదాకా నిండాల్సిందే. అది నాయనమ్మ పెట్టిన పద్ధతి. నింపే పని నాది. వంటింట్లో మొదలుపెట్టి, వరస తప్పకుండా వాకిట్లోకి వచ్చేదాన్ని.

ఆ ఏడు నాకు పదేళ్ళు. పూజకు నాగళ్ళు, గుంటకల పక్కన జీపు కూడా నిలబడింది.

మాది ఒంగోలుకు ఆరేడు మైళ్ళ దూరంలో నల్లరేగడి ఊరు. అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉన్నాం. వాన పడితే ఎడ్లబండి ఇరుసుదాకా దిగబడేది. అందుకని నాన్న, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపు ఒకటి తెచ్చాడు. నాలుగు చక్రాలూ లాగుతాయి. కానీ మిరపకాయ బస్తాలు వేస్తే దాని పెట్రోలు ఇంజన్ ఆయాసపడేది.

"లారీ మాదిరి లాగాలిరా మస్తానూ" అనేవాడు నాన్న.

మస్తాన్ బాబాయి ఒంగోల్లో మెకానిక్కు. ఏదో పాత వ్యానులోంచి తీసిన పెద్ద డీజిల్ ఇంజన్ సంపాదించాడు. మా వాకిట్లో మూడు సరుగుడు బాదులు కలిపి కట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి, పాత ఇంజన్ పైకి లేపి కొత్తది దించాడు. అది పట్టలేదు... కోశాడు, రాకాడు, అతికించాడు. పది రోజులు పట్టింది. అయినా బానెట్టు నాలుగు వేళ్ళు పైకి లేచే ఉంది.

"మూత పడని అన్నం గిన్నెలా ఉందిరా" అంది నాయనమ్మ.

"ఆవిరి పోవాలిగదమ్మా" అని నవ్వాడు బాబాయి.

ఆ ఇంజన్ పక్కన ఒక నల్ల డబ్బా ఉండేది... లోపలికి పోయే గాలిలోంచి దుమ్ము వడగట్టడానికి. దాని అడుగున గిన్నె, గిన్నెలో నూనె. బాబాయి ఆ గిన్నె లోపల మేకుతో ఒక గీత గీకి నాకు చూపించాడు.

"ఇదుగో అమ్మాయ్, నూనె ఇక్కడిదాకే. వరస తప్పని దానివి కాబట్టి నీకు చెబుతున్నా. గీత దాటిందా, ఇంజన్ తాగేసిద్ది."

పండగ పొద్దున తుడవడానికి ఆ గిన్నె విప్పాను. నాయనమ్మ తొంగి చూసింది.

"సగమే ఉందేంటే?"

"గీత దాటకూడదన్నాడు, నాయనమ్మా."

"వాడికి ఇంజన్ సంగతి తెలుసు. పండగ సంగతి నాకు తెలుసు. నిండా పొయ్యి."

పోశాను... గీత కనబడకుండా పోయింది. గిన్నె బిగించి, చేతులు పావడాకు తుడుచుకున్నాను.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మ ఎదురుగా నిలబడి హారతిచ్చి పక్కకు జరిగింది. నాన్న ఎక్కి, ఇంజన్ వేసి, క్లచ్చి తొక్కి గేరు వేశాడు. నిమ్మకాయలు తొక్కించే ముందు ఇంజన్ బలం ఊరికి చూపిద్దామని ఒక్కసారి గట్టిగా ఆక్సిలేటరు నొక్కాడు.

అంతే... కాలు తీసేసినా చప్పుడు తగ్గలేదు. పెరిగింది. ఇంకా పెరిగింది. వాకిలంతా తెల్లటి పొగ. నాన్న తాళం తిప్పాడు, ఆపే తీగ లాగాడు. డీజిల్ ఆగిపోయినా ఇంజన్ ఆగలేదు. గేరు తియ్యబోతే ఇరుక్కుపోయింది. క్లచ్చి మీద కాలు తీస్తే జీపు ముందుకు దూకుతుంది.

"దిగు మావా, దిగు" అని ఎవరో అరిచారు.

"దిగితే దూకిద్దిరా, పిల్లల్ని లాగండి" అన్నాడు నాన్న.

అది తాగుతున్నది నేను పోసిన నూనె. ఆ సంగతి ఆ జనంలో నాకు తెలుసు, నాయనమ్మకు తెలుసు.

మస్తాన్ బాబాయి గోనెసంచిని కుడితి తొట్టిలో ముంచి పరిగెత్తుకొచ్చాడు. సరిగ్గా జీపు ముందుకే వచ్చి, బానెట్టు ఎత్తి లోపలికి వంగాడు.

"కాలు తియ్యమాకన్నా" అన్నాడు, అంతే.

నాన్న మోకాలు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది... ఆ కాలు సడలితే జీపు బాబాయి మీదికే. ఆయన గాలి గొట్టం పీకి, ఇంజన్ నోట్లో తడి సంచి కుక్కి రెండు చేతులతో అదిమిపట్టాడు. సంచిని లోపలికి పీల్చుకుంది. ఆయన చేతుల్నీ లాగింది. జీపంతా ఊగింది... రెండుసార్లు దగ్గి, గాలి అందక ఆగింది.

నాన్నను ఇద్దరు పట్టుకుని దించారు. ఎడమ కాలు ఇంకా తొక్కినట్టే బిగుసుకుని ఉంది.

"నీ పని నమ్మి ఎక్కాన్రా మస్తానూ" అని గట్టిగా అరిచాడు. "ఇవాళే విప్పి తీసుకుపో. ఇంకెవరి బండి జోలికీ పోమాక."

బాబాయి అరచేతులు చీరుకుపోయి రక్తం కారుతోంది. తన తప్పెక్కడుందో అని ఒక్కో బోల్టూ తడుముతున్నాడు. ఆ గిన్నె జోలికి మాత్రం పోలేదు... అది నాకప్పగించిన పని కదా.

దగ్గరికి వెళ్ళి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "నేనే పోశాను" అన్నాను.

ఎవరూ వినలేదు. ఆ మోతకు అందరి చెవులూ దిబ్బళ్ళు పడ్డాయి. బాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాడు.

అప్పుడు తప్పించుకోవచ్చు... ఏమీ లేదని వెనక్కి వచ్చేయవచ్చు. ఆ ఒక్క క్షణం నాకు ఇంజన్ మోతకన్నా ఎక్కువ భయమేసింది.

"గీత దాటి నూనె నేనే పోశాను" అని వాకిలంతా వినబడేలా అరిచాను.

నాన్న గిన్నె విప్పించి చూశాడు. నాయనమ్మ లోపలికెళ్ళి పసుపు తెచ్చి, బాబాయి అరచేతులకు తనే అద్ది గుడ్డ కట్టింది. ఇంజన్ విప్పమన్న మాట మళ్ళీ నాన్న నోట రాలేదు.

ఇప్పుడు బండ్లు మీట నొక్కితే ఆగిపోతున్నాయి. వాటి మూత ఎత్తి చూసే పనే లేదు. పదేళ్ళ పిల్లకు ఒక గీత చూపించి, ఇది నీ పూచీ అని నమ్మేవాళ్ళూ కనిపించడం లేదు...

మొదటిసారి ఎవరికీ వినబడక, ఒకే నిజాన్ని రెండోసారి గొంతెత్తి చెప్పాల్సి వచ్చిన రోజు మీకూ ఉందా? ఉంటే రాయండి... చదువుతాను.