గేటు పిన్నిగారు ఓటీపీ నేర్చుకున్న వారం

మా పాపను పగలంతా చూసుకునే ఆవిణ్ణి అందరం గేటు పిన్నిగారు అంటాం. అసలు పేరు రిజిస్టరు అట్ట మీద ఉంది గానీ ఎవరూ వాడరు. ఐదు గదుల పాత ఇంట్లో ఇరవై ఇద్దరు పిల్లలతో క్రెష్ నడుపుతారావిడ. వంటకు ఒకావిడ, ఆటలకూ నిద్రలకూ ఇద్దరు ఆయాలు ఉన్నారు. గేటు మాత్రం పందొమ్మిదేళ్ళుగా ఆవిడ చేతిలోనే ఉంది.

ఆవిడ పద్ధతి ఇది. పొద్దున పిల్లను దింపగానే పాత క్యాలెండర్ కాగితం ఒకటి తీసి చేత్తో అడ్డంగా చింపుతారు. ఒక సగం మనకి, ఇంకో సగం పిల్ల సంచీ తగిలించే మేకుకి. సాయంత్రం మన సగాన్ని ఆ సగానికి ఆనించి చూస్తారు. చిరుగూ చిరుగూ కలవాలి. అది చాలదు. చేర్పించిన రోజున ఇంటివాళ్ళు ఒక మాట ఎంచుకుని ఆవిడ పుస్తకంలో రాయించాలి, తీసుకెళ్ళేవాళ్ళు ఆ మాట కూడా చెప్పాలి. రెండూ కుదిరితే పిల్ల బయటికొస్తుంది, కాగితం ముక్కలు చెత్తబుట్టలోకి పోతాయి. మర్నాడు మళ్ళీ కొత్త కాగితం.

చేర్పించిన కొత్తలో ఒకరోజు మా ఆయన కాగితం ఎక్కడో పోగొట్టుకుని వెళ్ళారు. ఇనుప గేటుకి లోపల పాప అరటిపండు తింటోంది, బయట తండ్రి నిలబడి ఉన్నారు. వెనక మరో నలుగురు తల్లులు.

"బెండకాయ," అన్నారట మా ఆయన, గొంతు తగ్గించి. అది మేం రాయించిన మాట.

"మాట సరిపోయింది బాబూ. కాగితం ఏదీ?"

"పోయిందండీ. నా కూతురే కదా, ఆ ముక్కు చూడండి, అచ్చం నాదే."

"ముక్కుదేముంది, నా దగ్గర ఇరవై రెండున్నాయి. మీ ఆవిడకి ఫోన్ చెయ్యి."

నేను ల్యాబు నుంచి ఆటోలో పడి వెళ్ళి, నా గుర్తింపు కార్డు చూపించి, పుస్తకంలో సంతకం పెట్టి పాపను తెచ్చుకున్నాను. దారంతా ఆయన సణుగుతూనే ఉన్నారు. నాకు మాత్రం కొండంత ధైర్యం వచ్చింది. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఒక్క చుక్కలో ఏమేం ఉండొచ్చో తెలిసిన మనిషికి రెండేళ్ళ పిల్లను ఎవరి చేతిలోనైనా పెట్టడమంటే గుండె దడ. ఆ దడ ఆవిడ గేటు దగ్గరే తగ్గింది.

ఈ ఏడు ఆ పాత ఇంటిని పడగొడతామని యజమాని చెప్పేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. రెండు వీధుల అవతల ఎత్తైన ప్రహరీ, వెలుతురున్న పెద్ద గది ఉన్న ఇల్లొకటి దొరికింది. దాని ఓనరు వేరే ఊళ్ళో ఉంటాడు. అడ్వాన్సు శుక్రవారం సాయంత్రంలోగా తన ఖాతాలో పడాలని, లేకపోతే ఫర్నిచర్ గోడౌన్ వాళ్ళకి ఇచ్చేస్తానని ఫోన్‌లో తెగేసి చెప్పాడు. ఆ ఇల్లు పోతే క్రెష్ మూతపడుతుంది. పందొమ్మిదేళ్ళ పని ఆవిడకీ పోతుంది, ఇరవై రెండు ఇళ్ళలో ఎవరో ఒకరు ఉద్యోగం మానుకోవాలి.

వీధి చివర ఉన్న బ్యాంకు శాఖేమో మొన్ననే ఎత్తేశారు. తలుపు మీద 'మా యాప్ వాడండి' అని బోర్డు పెట్టి తాళం వేశారు.

"ఆ యాప్ ఏదో నా ఫోన్‌లో పెట్టిపెట్టు తల్లీ," అన్నారు పిన్నిగారు. సోమవారం మధ్యాహ్నం, పిల్లలు పడుకున్న వేళ, గేటు పక్క స్టూలు మీద ఆవిడ, మెట్టు మీద నేను.

"ముందు యూజర్ ఐడీ పెట్టుకోవాలి. తర్వాత పాస్‌వర్డ్. డబ్బు పంపేటప్పుడు ఓటీపీ వస్తుంది."

"ఒక్కోటీ విప్పి చెప్పు. గంపగుత్తగా చెప్తే నాకెక్కదు."

నేను ఎంజైములతో మొదలుపెట్టాను. ప్రతి ఎంజైముకీ దానికి సరిపోయే పదార్థం ఒకటుంటుంది, తాళానికి తాళంచెవిలాగ అని. ఆవిడ నా మొహం వంక జాలిగా చూశారు.

"ఓటీపీ అర్థం కాలేదంటే ఎంజైము కూడా నెత్తిన పెడతావేమే. ఇలా చూడు. యూజర్ ఐడీ అంటే మీ పాప పేరు. వీధిలో పదిమందికి తెలిసినా కొంప మునగదు. అవునా?"

"అవును."

"పాస్‌వర్డ్ అంటే మీ ఆయన బెండకాయ. ఓటీపీ అంటే ఆ పూటకి చింపిన కాగితం. సాయంత్రం దాటితే చిత్తుకాగితం."

నేను తెల్లబోయాను. మా ల్యాబులో డిగ్రీలున్నవాళ్ళకే ఇంత శుభ్రంగా తెలియదు. "మీకు అన్నీ వచ్చు పిన్నిగారూ, పేర్లే కొత్త," అన్నాను. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని కూడా అన్నాను. ఆవిడ తలూపారు. ఎందుకు చెప్పకూడదో నేను చెప్పలేదు. ఆవిడ గేటు దగ్గర అడిగేది కాపలా మనిషి, చెప్పేది వచ్చినవాళ్ళు. అడగ్గానే చెప్పడమే అక్కడి మర్యాద. ఆ తేడా నాకు తట్టలేదు.

గురువారం పన్నెండింటికి ఆయా ఫోన్ చేసింది, పాప ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందని. పరుగున వెళ్ళాను. గేటు లోపల గడియ వేసి ఉంది. పిన్నిగారు స్టూలు మీద కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టి స్పీకరు ఆన్ చేసి, రెండు చేతులతో కళ్ళజోడు సర్దుకుంటున్నారు.

"మెసేజ్ వచ్చిందా మేడమ్?" ఫోన్‌లోంచి మగగొంతు, వెన్న రాసినట్టుంది.

"వచ్చింది నాయనా. ఉండు, అక్షరాలు చిన్నవి."

"ఆ ఆరంకెలూ చదవండి. ఇప్పుడు వెరిఫై చెయ్యకపోతే రేపటి నుంచి మీ ఖాతాలోంచి డబ్బు వెళ్ళదు."

గేటు ఊచలు పట్టుకుని "పిన్నిగారూ, చెప్పకండి," అన్నాను.

ఆవిడ చెయ్యెత్తి ఆగమన్నారు. "బ్యాంకువాళ్ళమ్మా. అడుగుతున్నారు, చెప్పాలిగా. నేనడిగితే నువ్వు చెప్పట్లేదూ? నాలుగు... తొమ్మిది... సున్నా..."

"పిన్నిగారూ!"

"తొందరగా మేడమ్, టైమైపోతోంది," అన్నాడతను.

పిన్నిగారు ఆగిపోయారు. నా కేకకి కాదు, అతని తొందరకి. గేటు దగ్గర ఎవరైనా త్వరగా ఇచ్చెయ్యండి, బండి ఆపి వచ్చాను అంటే, వాళ్ళనే అందరికంటే ఆఖర్న నిలబెడతారావిడ. కళ్ళజోడు తీసేశారు.

"టైముదేముంది నాయనా. నా సగం చెప్తాను గానీ, ముందు మీ సగం చెప్పు."

"ఏ సగం మేడమ్?"

"నా దగ్గర ఒక ముక్కుంటే మీ దగ్గర రెండోది ఉండాలిగా. లేకపోతే నేను చెప్పింది సరో కాదో దేనికి ఆనించి చూస్తావు?"

అతను ఆవిడ పూర్తి పేరు చదివాడు.

"పేరు వీధంతా తెలుసు. ఇంకేదైనా చెప్పు."

"మేడమ్, మీ ఖాతా బ్లాక్ అయిపోతుంది, తర్వాత నన్ననకండి."

"అవనీ. అయినాక నేనే వస్తాను మీ దగ్గరికి. పందొమ్మిదేళ్ళయింది నేను గేటు కాయబట్టి. పిల్లల కోసం వాళ్ళే నా దగ్గరికొచ్చారు తప్ప, నేనెప్పుడూ ఎవరింటికీ వెళ్ళి కాగితం ఇవ్వండని అడగలేదు. నువ్వెందుకు అడుగుతున్నావు?"

ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ లేచి గడియ తీశారు. "మూడంకెలు చెప్పేశానే అమ్మాయ్. పోయిందా అంతా?"

"చూద్దాం, ఉండండి," అన్నాను.

ఆవిడ యాప్ ఆవిడతోనే తెరిపించాను. డబ్బు ఉన్నది ఉన్నట్టే ఉంది. అతనికి ఆవిడ ఖాతా వివరాలు ఎలా దొరికాయో అప్పుడు తెలిసింది. పొద్దున పదింటికి 'మీ వివరాలు సరిచూసుకోండి' అని ఒక లింకు వచ్చిందట. నొక్కితే బ్యాంకు పేజీ లాంటిదే తెరుచుకుంది. నేను నేర్పినట్టే బుద్ధిగా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టారట.

"అది బ్యాంకుది కాదు పిన్నిగారూ. పైన చిరునామా చూడండి. బ్యాంకు పేరు వెనక ఊరూ పేరూ లేని తోక. బ్యాంకులా వేషం వేశారు. ఫిషింగ్ అంటారు దీన్ని, చేపకి ఎర వేసినట్టు."

"అంటే గేటే దొంగదా?"

"గేటే దొంగది."

ఆవిడ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని ఆ తోక చూశారు. "మనిషి దొంగవాడైతే పట్టుకుంటాను. గేటే దొంగదైతే ఎలాగమ్మా?"

"వాళ్ళు పంపిన దారిన వెళ్ళకూడదు. మన ఫోన్‌లో మనం పెట్టుకున్న యాప్‌లోంచే వెళ్ళాలి. ఈ మాట సోమవారమే చెప్పాల్సింది. నా తప్పే."

"ఎంజైముల దగ్గరే సగం పూటయిపోయిందాయె. ఇంక ఇదెక్కడ చెప్తావు," అన్నారు. ఆ మాటతో నాకు ఊపిరాడింది.

ఏటీఎం కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరుకి ఫోన్ చేశాం. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, పాత లాగిన్ ఆపేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించింది. ఆ ఓటీపీ గడువు ఎప్పుడో దాటిందని, మూడంకెలు కాదు, ఆరూ ఇప్పుడు చెత్తేనని చెప్పింది. ఆ అమ్మాయి ఒక్క అంకె కూడా అడగకపోవడం పిన్నిగారు గమనించారు. "చూశావా, అసలువాళ్ళు అడగరు," అన్నారు నాతో, తనే నేర్పుతున్నట్టు. పాప వేడి చూస్తే తొంభై తొమ్మిది. పైన కొత్త దంతం తెల్లగా పొడుచుకొస్తోంది.

ఆ సాయంత్రమే ఓనరు ఖాతాను యాప్‌లో చేర్చాం. డబ్బు అందుకునేవాణ్ణి బెనిఫిషియరీ అంటారని చెప్పాను. కొత్తగా చేర్చినవాళ్ళకి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా ఆగితే గానీ పెద్ద మొత్తం పంపనివ్వమని తెర మీద రాసి వచ్చింది. రేపు సాయంత్రమే గడువు. ఆవిడ మాత్రం మొదటిసారిగా బ్యాంకుని మెచ్చుకున్నారు.

"అదీ పద్ధతంటే. మొదటిరోజే వచ్చినవాడి చేతిలో పిల్లను పెడతామా?"

శుక్రవారం నేను సెలవు పెట్టాను. రెండింటికి చూశాం, కాలేదు. మూడింటికీ కాలేదు. మూడూ నలభైకి ఓనరు పేరు పక్కన పచ్చటి టిక్కు పడింది. ముందు చిన్న మొత్తం పంపి ఓనరుకి ఫోన్ చేసి, అందిందనిపించుకున్నాకే ఆవిడ అసలు మొత్తం కొట్టారు. ఓటీపీ వచ్చింది. నేను తల వంచి చూడబోయాను.

"అటు తిరుగు," అన్నారు.

"నేనేనండీ పిన్నిగారూ."

"నువ్వే. అటు తిరుగు."

తిరిగాను. ఐదు నిమిషాల్లో ఓనరే ఫోన్ చేశాడు. అడ్వాన్సు అందిందని, తాళాలు పక్కింట్లో ఉన్నాయని, ఎప్పుడైనా తీసుకోవచ్చని. పిన్నిగారు "సరేనండీ" అని పెట్టేసి, వంటావిడను పిలిచి మాటామంతీ లేకుండా గట్టిగా కావలించుకున్నారు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉంది.

శనివారం పిల్లలు లేరు. ఒక ఆయా, నేను, పిన్నిగారు కొత్త ఇల్లు ఊడవడానికి వెళ్ళాం. ఆవిడ కిటికీల గొళ్ళాలు, మెట్ల ఎత్తు, గోడల మూలలు అన్నీ చేత్తో తడిమి చూశారు. పెద్ద గదిలో రెండింటికి ఎండ పిల్లల మొహాల మీద పడుతుందేమో చూడాలని, చాప పరుచుకుని తనే వెల్లకిలా పడుకున్నారు. గోడ వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి ఒత్తిగిలారు. కాసేపటికి పలకడం మానేశారు. గురువారం నుంచీ సరిగా నిద్ర లేదని ఆయా చెప్పింది.

"లేపనా అమ్మా?"

వద్దన్నాను. చీపుళ్ళు గోడకి ఆనించి, ఇద్దరం చప్పుడు కాకుండా పక్క గదిలోకి వెళ్ళాం.