చేప లేని రోజు వచ్చే ఒక్క చుక్క

మా మేనత్త పోయింది. పోయిన వారం పొద్దున్నే మిడిల్ పాయింట్‌లో నేను పనిచేసే ఓడ టికెట్ల దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. అత్త నడిపే మెస్సుకి ఏళ్ల తరబడి టూరిస్టుల్ని తీసుకొచ్చే కారు డ్రైవరు చేశాడు. "దీదీ, ఆంటీ నహీ రహీ" అన్నాడు. తెల్లారగట్ల ఆయాసంగా ఉందని అత్త అంటే మామయ్య ముందు అతన్నే పిలిచాడట. ఆసుపత్రికి బయల్దేరిన కారు వాళ్లుండే గరాచర్మ దాటకముందే అంతా అయిపోయింది.

మీలో ఎవరైనా పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఉంటే (పేరు మార్చారనుకోండి, మా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే), గరాచర్మ బస్సు స్టాపు దగ్గర నీలం రేకుల మెస్సులో చేపల పులుసు తినే ఉంటారు. తిన్నాక ఫోను తీసి చుక్కలు ఇచ్చే ఉంటారు. స్టార్లని మా అత్త చుక్కలనేది. మీరు ఎన్ని ఇచ్చారో నేనడగను. ఐదు ఇచ్చి ఉంటే మీరెవరో ఆమెకి తెలియదు. ఒకటి ఇచ్చి ఉంటే మాత్రం మీరు ఏ బల్ల దగ్గర కూర్చున్నారో, అన్నంలో ఏం కలుపుకున్నారో కూడా ఆమెకి గుర్తే.

అత్త పుట్టింది జంగ్లీఘాట్‌లో. మా తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి చేపల వేటకని ఈ అండమాన్ దీవులకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మామయ్యది వేట ఇల్లు కాదు, ప్రభుత్వ వర్క్‌షాపులో ఉద్యోగం. పెళ్లయ్యాక అత్త గరాచర్మకి వచ్చేసింది. ఆయన రిటైరయ్యాక ఇంటి ముందు భాగంలో మెస్సు పెట్టింది. ఒడ్డు వదిలేసి ఊళ్లో కూచుందని జంగ్లీఘాట్‌లో మా పేటలో కొందరు ఆమెని ఎప్పుడూ కొంచెం పరాయిగానే చూశారు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే బస్సెక్కి జంగ్లీఘాట్ వెళ్లేది. వేటకెళ్లిన డింగీ పడవలు ఒడ్డుకి రాగానే చేప మొప్ప ఎత్తి చూసి, బేరమాడి, పేటలో అందరి క్షేమమూ అడిగి తెచ్చుకునేది. ఆ రోజు చేప ఆ రోజే పొయ్యి మీదకి ఎక్కాలి. ఆ మెస్సుకి ఉన్న నియమం అదొక్కటే.

నేను సాయంత్రం పని అయ్యాక గరాచర్మలో బస్సు దిగేసరికి అత్త గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని వెల్లుల్లి ఒలుస్తూ ఉండేది. చదువుకున్నది హిందీలో కాబట్టి ఫోనులో ఇంగ్లీషు చదవడం ఆమెకి విసుగు. ఆ పని నాది. నేను చెప్పులు విడవకముందే అడిగేది, "ఈరోజు ఏం తిట్టారే?" అని. ఎవరైనా పొగిడితే ముందు అదే చదవబోయేదాన్ని, నాకేదో బహుమతి వచ్చినట్టు. అత్త చెయ్యి అడ్డం పెట్టేది.

"మెచ్చుకున్నోళ్లు కడుపు నిండి ఎల్లారు. ఆళ్లకి నాతో పనేటి? తిట్టినోళ్ల సంగతి చెప్పు."

తిట్లు చదివితే శ్రద్ధగా వినేది. నాకేమో ఒళ్లు మండిపోయేది. వాన పడిందని ఒక్క చుక్క, బీచి దూరమని ఒక్క చుక్క! వాన మా అత్త కురిపించిందా? ఒకాయనైతే గదిలో ఏసీ పనిచేయలేదని, దుప్పట్లు మాసిపోయాయని ఇంత పొడుగు రాశాడు. మాకు గదులే లేవు. ఆయన లాడ్జిని తిట్టబోయి మమ్మల్ని తిట్టాడు. నేను నాలుగు అంటించి జవాబు రాయబోతే అత్త ఆపి, ఆ లాడ్జి ఏదో కనుక్కుని వాళ్లకి ఫోను చేసి చెప్పమంది. వాళ్ల ఏసీ పనిచేయడం లేదని వాళ్లకి తెలియాలి కదా అని. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో చెప్పండి.

ఒకసారి ఎవరో ఏది తిన్నా చేదుగానే ఉందని రాశారు. నేను కొట్టిపారేశాను. అత్త మాత్రం వాళ్లు వచ్చింది ఏ రోజో చూడమంది. చూస్తే సముద్రం పోటెక్కి ఉన్న రోజు, హేవ్‌లాక్ దీవి నుంచి వచ్చిన పడవలో సగం మంది వాంతులు చేసుకున్న రోజు. "కడుపు తిప్పినోడికి పులుసు పెడితే చేదుండదేటే?" అని తనని తనే తిట్టుకుంది. మర్నాటి నుంచి వచ్చినవాళ్లని ముందు ఓడ దిగి వస్తున్నారా అని అడగడం మొదలుపెట్టింది. అవునంటే కూర్చోగానే వేడి చారూ నిమ్మకాయ ముక్కా పెట్టేది. ఆ చారుని మెచ్చుకుంటూ తర్వాత ఎంతమంది రాశారో. అవేవీ ఆమె విననేలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పేటలో ఒక ఆచారం ఉంది. వేట ఇంట్లో ఎవరైనా పోతే ఆ రోజు ఏ డింగీ కదలదు. ఎవరూ చెప్పక్కర్లేదు, చాటక్కర్లేదు. పొద్దున్నే కబురు పాకుతుంది, ఇంజను బిగించినవాడు మళ్లీ విప్పేసి ఇంటికి పోతాడు. అలా ఒక రోజు పేటలో ఒక పెద్దాయన పోయాడు. అత్తకి వరసకి పెదనాన్న. మెస్సు మామయ్యకి అప్పజెప్పి ఏడవడానికి వెళ్లింది. మధ్యాహ్నానికి గ్రూపులు పంపే ఏజెంటు చెప్పాపెట్టకుండా ఒక బస్సు జనాన్ని దింపాడు. అందరూ చేపే అడిగారు. మామయ్య మొహమాటస్తుడు. ముందు రోజు మిగిలి ఐసులో ఉన్న చేప తీసి వండించేశాడు.

రెండు రోజులు పోయాక రివ్యూ వచ్చింది. కలకత్తా ఆవిడ రాసింది. మేము చేప తిని పెరిగినవాళ్లం, మమ్మల్ని మోసం చేయలేరు, వడ్డించింది నిన్నటి చేప, దీవిలో కూర్చుని పాత చేప పెట్టడానికి సిగ్గుండాలి అని. ఒక్క చుక్క. జంగ్లీఘాట్‌లో పుట్టినదాన్ని అంతకన్నా పెద్ద తిట్టు తిట్టలేరు. మా అత్త గురించి నీకేం తెలుసని మొదలుపెట్టి జవాబు టైపు చేస్తున్నాను.

అత్త వెల్లుల్లి పక్కన పెట్టింది. ఆవిడ వచ్చింది ఏ రోజని అడిగింది. చెప్పాను. లోపల గ్లాసులు తుడుస్తున్న మామయ్య తుడవడం ఆపేశాడు. అత్త ఆయన వైపు తిరిగి చూసింది, అంతే. ఆయన తల దించుకుని ఉన్నదంతా చెప్పాడు. నేను ఇద్దరి మధ్యా ఫోను పట్టుకుని నిలబడ్డాను.

అత్త తను చెప్పింది చెప్పినట్టు రాయమంది. "మీరన్నది నిజం. ఆ రోజు మా పేటలో చావు, పడవలు ఎల్లలేదు. చేప లేదని చెప్పి పంపాల్సింది, చెప్పలేదు. తప్పు మాదే."

నేను రాయనన్నాను. ఈ మాట మన నోటితో మనమే పెడితే డ్రైవర్లు ముఖం చాటేస్తారు, ఏజెంటు గ్రూపులు మానేస్తాడు, మెస్సు మూసుకోవాల్సిందే అని గట్టిగానే అరిచాను. అత్త గొంతు పెంచలేదు.

"నిజమే రాసింది కదే ఆవిడ. నిజం రాసినోళ్లతో తగువేటే మనకి? సచ్ హై తో సచ్ హై. రాయి."

రాశాను. నేను భయపడ్డట్టే అయింది. ఏజెంటు గ్రూపులు మానేశాడు, డ్రైవర్లూ రావడం మానేశారు. జంగ్లీఘాట్‌లోనూ కబురు పాకింది. మన చేప పాతదని మన ఆడపడుచే లోకానికి చాటిందని కొందరు ముఖం చిట్లించారు. ఒడ్డు మీద ఆమెతో మాట్లాడటం తగ్గించారు. ఒడ్డు వదిలిపోయినదానికి మన పరువేం పడుతుంది అన్నది ఒకామె, అత్తకి వినబడేట్టుగానే. ఆ మాట అత్తని కోసేసిందని నాకు తెలుసు. అయినా మర్నాడు మళ్లీ బస్సెక్కింది.

మెస్సు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో నేను చేయని ఆలోచన లేదు. చుట్టాలందరి చేతా, దుకాణంలో పనిచేసేవాళ్ల చేతా ఐదేసి చుక్కలు ఇప్పిస్తే ఆ కలకత్తా ఆవిడ రాసింది కింద ఎక్కడో పడిపోతుందని చెప్పాను. అందరూ చేసేదే. అత్త నవ్వేసింది. "తినని నోటికి రుచేం తెలుస్తాదే?" అంది. కనీసం ఆవిడని బతిమాలి తీసేయమని అడుగుదామన్నాను. ఆవిడ తిన్నది ఆవిడ రాసింది, మనకి తీయమనే హక్కు లేదంది. కానీ అప్పుడప్పుడూ, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ కలకత్తా ఆవిడ మళ్లీ ఏవన్నా రాసిందేటే?" అని అడిగేది. ఆవిడ ఏమీ రాయలేదు. ఇప్పటికీ రాయలేదు.

అప్పుడు పెట్టింది అత్త ఒక బోర్డు. స్కూళ్లలో ఉండేలాంటి నల్ల పలక, సుద్దముక్క. సముద్రం బాగోకపోయినా, పేటలో చావైనా, మంచి చేప దొరక్కపోయినా పొద్దున్నే గుమ్మం ముందు దాన్ని నిలబెట్టేది. "ఈరోజు పడవలు వెళ్లలేదు. చేప లేదు. పప్పు, గుడ్డు ఉన్నాయి." హిందీలో తనే రాసేది, కింద ఇంగ్లీషు నా చేత రాయించేది. ఇంకేం, ఒక్క చుక్కలు వానలా కురిశాయి. చేపల మెస్సని పేరు, చేప మాత్రం లేదు. అండమాన్ వచ్చి పప్పు తినాలా. అన్నీ చదివి వినిపించేదాన్ని. అత్త మొహం విప్పారేది. "ఇవి మంచి చుక్కలే. ఇవి రావాలి" అనేది. నాకు పిచ్చెక్కేది.

ఆమె ఎందుకలా అన్నదో నాకు మెల్లగా తెలిసింది. మొదట తిరిగొచ్చింది నేను ముందు చెప్పిన ఆ డ్రైవరే. అన్నిటికన్నా పైన కనబడే ఆ తిట్లు చదివాకే ఒక కుటుంబం ఇక్కడికే తీసుకెళ్లమని అడిగిందట. లేని రోజు లేదని చెప్పేవాళ్లు ఉన్న రోజు మంచిదే పెడతారు కదా అన్నారట వాళ్లు. తర్వాత అదే మాట అతను తన బండి ఎక్కినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకో డ్రైవరు, ఇంకొకడు. ఏజెంటు రానే లేదు, రాకపోయినా బల్లలు నిండాయి. మామయ్య బోర్డు తుడిచే పని తనే తీసుకున్నాడు. ఆయన మీద అత్త ఆ తర్వాత ఒక్క మాట ఎత్తిపొడవడం నేను వినలేదు. నేనైతే జీవితాంతం పొడిచేదాన్ని.

ఇప్పుడు నా దుకాణానికి కూడా తిట్లు వస్తాయి. ఓడ ఆలస్యమైతే మమ్మల్ని తిడతారు. ముందు వాళ్లు ఏ రోజు ప్రయాణం చేశారో చూస్తాను. ఆ తర్వాతే కోపం తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తాను. చాలాసార్లు తెచ్చుకోనక్కర్లేదని తేలుతుంది. అంత మాత్రమే నేర్చుకున్నాను ఆమె దగ్గర. దానికే ఆమెకి ఎంతో రుణపడి ఉన్నాను.

అత్త పోయిన రోజు గరాచర్మ ఇంటి ముందు మేమంతా కూర్చుని ఉన్నాం. పేటకి కబురు పంపామే గానీ వాళ్లు వస్తారో రారో మామయ్యకి నమ్మకం లేదు. ఆమె వేట ఇల్లు దాటి ఎంతో కాలమైంది, పైగా ఆ మాట పట్టింపు. ఎండ ముదరకముందే వాళ్లు వచ్చారు, ఒక్కరు కాదు, వీధి పట్టనంత మంది. ముందు వచ్చింది ఒడ్డు మీద ఆమెని ఆ మాట అన్నామె. వచ్చి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. మామయ్య వాళ్లలో ఒక పెద్ద వయసు ఆయన్ని, ఈరోజు వేటకి ఎల్లలేదా అని అడిగాడు, ఏం అడుగుతున్నాడో తెలియనట్టు.

"అక్క పోయిన రోజు వేటేటి బావా" అన్నాడాయన.

అప్పటిదాకా ఏడవని మామయ్య అప్పుడు ఏడ్చాడు.

చిన్నకర్మ అయిన సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన గుమ్మంలో అదే స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. పొయ్యి వెలిగించి ఎన్నాళ్లో అయినట్టుంది ఇల్లు. అంత వెల్లుల్లి ఎందుకని నేను అడగలేదు. ఆయన తలెత్తకుండా, "ఈరోజు ఏం తిట్టారే?" అన్నాడు.

ఫోను తీశాను. పైన ఒక కొత్త రివ్యూ, ఒక్క చుక్క. ఎవరో ఊరి అవతల నుంచి ఈ మెస్సు కోసమే ఆటో కట్టించుకుని వచ్చారట. వచ్చేసరికి పొద్దుగూకిందట, షట్టరు మూసి ఉందట, వాకిట్లో ఎవరూ లేరట. ముందు బోర్డు మాత్రం ఉందట, పడవలు వెళ్లలేదు, చేప లేదు అని. చుట్టూ సముద్రం పెట్టుకుని చేప లేదనడం ఏమిటని రాశారు. ఆ బోర్డు పెట్టింది డ్రైవరు. ఏడుస్తూనే, అత్త పెట్టడం చూసిన అలవాటు కొద్దీ రాసి పెట్టాడు. చదవడం అయ్యాక నాకు కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు.

ఏ రోజని మామయ్య అడిగాడు. చెప్పాను. చేతిలో వెల్లుల్లి రెబ్బని గిన్నెలో వేశాడు.

"నిజమే కదే. ఆ రోజు చేప లేదు. క్షమించమని రాయి" అన్నాడు. మళ్లీ ఏదో తోచి, "ఎందుకు లేదో రాయకు. సరదాగా తిరగడానికొచ్చినోళ్లు, మనసు పాడు చేసుకుంటారు."

అలాగే రాశాను. ఆ చుక్క ఇప్పుడు మెస్సు పేరు కింద అన్నిటికన్నా పైన ఉంది. దాన్ని కిందికి తోయాలని నాకు లేదు. రాసింది మీరే అయితే, ఇది చదువుతుంటే, అక్కడ చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను. ఆ రోజు జంగ్లీఘాట్‌లో ఒక్క ఇంజనూ మోగలేదు. సముద్రం ఎంతో మంచిగా ఉంది, గాలి కూడా లేదు. పొద్దు గుంకేదాకా డింగీలన్నీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి, మడత విప్పని వలలతో.