పులిబాటలో వెనకడుగు

ఒక పులిని నేను ఇబ్బంది పెట్టాను. అది నన్ను కాదు, నేనే దాన్ని. ఆ ఘనకార్యం చెబుతాను. మీరు నవ్వుకోండి, నేను తలవంచుకుంటాను.

అప్పట్లో జైనూర్ అడవిలో పులులను లెక్కించే బృందంలో తాత్కాలిక ఉద్యోగిగా ఉన్నాను. మాకు దారి చూపే సోనేరావు తాత వాగు బాటలో పులిని చూశానన్నాడు. మా బృందానికి పెద్ద అయిన సార్ నమ్మలేదు. ముసలి కళ్లకు అడవిపిల్లి పులైందని నేను నవ్వాను కూడా. చివరికి ఆ బాట పక్క చెట్లకు కెమెరాలు కట్టాం. తమ ముందు ఏది కదిలినా అవే ఫొటో తీస్తాయి.

"మూడు దినాలు చూద్దాం. పులి పడకపోతే కెమెరాలు ఇచ్చోడ అడవి దిక్కు తీస్కపోతా," అన్నారు సార్.

"నా మాట అబద్ధమైతే ఇగ నా ఎంబడి అడవిలకు ఎవ్వలు రారు," అన్నాడు తాత.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో చదివాను: వెనక్కి నడిస్తే మెదడు చురుకవుతుందేమోనని శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నారట. ఆ 'ఏమో'ను నా మెదడు అక్కడే వదిలేసింది. చుట్టుపక్కల చదునైన దారి ఆ పులిబాట ఒక్కటే. రోజూ పొద్దున్నే దాని మీదే వెనక్కి నడక మొదలుపెట్టాను. కెమెరాల ముందే ఆగుదామనుకున్నాను. కానీ వెనక్కి నడిచేవాడికి కెమెరా కనబడేది దాన్ని దాటాకే కదా. మూడు పొద్దులూ అంతే. పైగా చెవుల్లో పాటలొకటి.

నాలుగో రోజు సార్ ల్యాప్‌టాప్ తెరిచారు.

"బాటలకు ఎవలన్న పోయిండ్రా?"

"లేదు సార్," అన్నాను.

మొదటి ఫొటోలో నేను. రెండోదాంట్లోనూ నేనే.

"గిదేం జంతువు, తాతా?"

"మొఖం ఊరి దిక్కున్నది, నడక అడవి దిక్కున్నది. గిసొంటిదాన్ని నేనెన్నడు చూడలే, సార్."

"మనిషి తిరిగిన బాటకు పులెందుకొస్తది?" అంటూ సార్ ల్యాప్‌టాప్ మూయబోయారు. తాత ముఖం చూడలేకపోయాను.

"జర ఆఖరివి గూడ చూడుండ్రి," అన్నాడు తాత.

మూడో పొద్దు ఫొటో. నేను కళ్లు సగం మూసుకుని వెనక్కి వస్తున్నాను. నా వెనక పది అడుగుల్లో, బాట నడుమ, పులి కూర్చుని ఉంది. తరువాతిదాంట్లో నేను ఇంకా దగ్గరయ్యాను. ఆ తరువాతిదాంట్లో పులి లేచి, పక్కకు తిరిగి, నాకు దారిస్తోంది.

సార్ ఫొటోను పెద్దది చేసి చూశారు. "చారలు మంచిగ పడ్డయి. తాత చెప్పింది నిజమే."

నాకు అప్పుడు భయం వేసింది, ఒక రోజు ఆలస్యంగా.

"మాఫ్ చేయి తాతా. నిన్ను చూసి నవ్విన."

"నాదేమున్నది బిడ్డా. పాపం గా పులి పరేషాన్ అయింది. దాన్నడుగు మాఫీ."

ఫొటోలోంచి నన్ను కత్తిరిస్తే పులి తోక కూడా పోతుందట. అందుకని రికార్డులో ఇద్దరమూ ఉన్నాం. కనుక ఇదే నా ప్రతిజ్ఞ: ఏ పరిశోధననైనా ఆఖరి వాక్యం దాకా చదువుతాను. అడవిలో తాత మాట నమ్ముతాను. ఇకపై పులి దగ్గరికి వెళ్లాల్సివస్తే, ముఖం అటు పెట్టుకునే వెళతాను.