అళగర్‌సామి ట్యాంకులో సున్నా

కోవిల్‌పట్టి మీద ఆకాశం అగ్గిపెట్టె పక్కలా గరుకుగా ఉంటుంది, గీస్తే మండేలా. ఆ ఆకాశం కింద, మేడమీద, అళగర్‌సామి ట్యాంకు నిండుగా నిద్రపోయేది. మూతకు ఇత్తడి తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకు.

అగ్గిపెట్టెల కంపెనీలో ముప్పై ఏళ్లు మేస్త్రీగా ఉండి, ఎవరినీ నమ్మకుండానే ఇంటికి చేరిన మనిషి. వీధిలోకి నీళ్ల లారీ వస్తే ఎండిన ట్యాంకుకే మొదటి వంతు. అది కట్టుబాటు. ఆయన ట్యాంకు ప్రతిసారీ ఎండేది, నోటిమాటలో మాత్రం.

మోకాళ్లు మేడ ఎక్కనివ్వక, నీటి మట్టం ఫోన్‌లో చూపే సెన్సార్ కోసం విరుదునగర్ వెళ్లాడు. అంగడిలో మేనల్లుడు సెందిల్‌కుమార్ రెండు రకాలు ముందు పెట్టాడు.

"ఇది చవక మామా. అన్నిటికీ పాస్‌వర్డ్ నాలుగు సున్నాలే, మార్చలేం. అదైతే ఎవరిది వాళ్లదే. వెల కొంచెం ఎక్కువ."

"మట్టానికి తాళం ఏందిరా? అంకెను ఎవడన్నా బిందెలో పోసుకుపోతాడా?"

చవకదే కొని వీధంతా గొప్పలు చెప్పాడు. వీధంతా అదే కొనుక్కుంది.

తర్వాత లారీ వచ్చిన రోజు పైపు పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. "చుక్క లేదు. పొద్దున మొగం కూడా కడగలేదు."

ఎదురింటి బొమ్మక్క ఫోన్‌లోంచి తలెత్తలేదు. "మీది నూటికి ఎనబైరెండు అంటా ఉంది అన్నా."

"ఏది?"

"మీ ట్యాంకు. నాది వెతికితే వీధి మొత్తం వచ్చింది. నిన్న ఎనబైనాలుగు. మొగం కడిగినట్టే ఉంది."

ఎవరూ గట్టిగా నవ్వలేదు. లారీ డ్రైవర్ మాత్రం ఆయన పైపును కాలితో పక్కకు జరిపాడు.

ఆదివారం అంగడి మెట్లెక్కేసరికి ఖరీదైన సెన్సార్ బల్లమీద సిద్ధంగా ఉంది.

"వస్తావని తెలుసు మామా. నీ ట్యాంకు ఇక్కడ్నుంచి నేనూ చూస్తానే ఉన్నా."

అళగర్‌సామి కులదైవానికి కూడా చెప్పని పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు.

ఆపైన రెండు వారాలు లారీ రాలేదు. ట్యాంకు ఈసారి నిజంగానే ఎండింది. లారీ వచ్చిన పొద్దున బొమ్మక్క ఫోన్ చూసి వంతులు చెప్పింది. "అన్న ట్యాంకు కనబడలేదు. కనబడని ట్యాంకు కడాకు, అందరి తర్వాతే."

"సున్నా అమ్మా. ఇదిగో చూడు."

"మీ ఫోన్ మీ మాటే కదా వింటుంది."

"పైకి రా, మూత తీసి చూపిస్తా."

"మేడ ఎక్కలేను అన్నా. మోకాళ్లు."

ఆయన వంతు వచ్చేసరికి లారీ గొట్టం రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మేడమీద ఇత్తడి తాళం ఎండలో మెరుస్తోంది. లోపల సున్నా, ఎవరి కంటా పడకుండా, చాలా భద్రంగా ఉంది.