పదిహేడేళ్ల పిల్లకి మేజరెక్కడిది?

మా బావ నరసన్నపేటలో ఎరువుల కొట్టు నడుపుతాడు. యూరియా బస్తా కొన్న ప్రతి రైతుకీ నా కథ ఉచితం. ఆ కథలో నేను కాలేజీ గుమస్తాతో గంటసేపు కుస్తీ పట్టి, కంప్యూటర్లు చదవాల్సిన పిల్లని ఏడాదిపాటు రాజుల వంశవృక్షాలకి కట్టేశాను. శుద్ధ అబద్ధం. గంట కాదు, పది నిమిషాలు. ఏడాది కాదు, ఆరు రోజులు. కుస్తీ కాదు, చర్చ. మిగిలినదంతా నిజమే కాబట్టి ఆ ఘోరమేదో నా నోటితోనే వినండి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదివినప్పుడు పోలేదు, చదివించబోయినప్పుడు పోయింది.

నాలుగేళ్ల కిందటి మాట. మా అప్ప, అదే మా అక్క, కూతురు హేమ ఇంటర్ మంచి మార్కులతో పాసయింది. ఇంజినీరింగ్ అంటే హాస్టల్లో ఉండాలి, బావ ఒప్పుకోడు. దారి హేమే వెతుక్కుంది.

"సీకాకుళంలో డిగ్రీలోనే కంప్యూటర్లున్నాయి నాన్నా. బీసీఏ ఉంది, బీకాంలో కూడా ఉంది. నాకైతే బీయస్సీ కంప్యూటర్ సైన్సే కావాల. ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చీస్తాను."

బావ బస్తా మీద కూర్చునే తీర్పిచ్చాడు. "కంప్యూటర్ సీటొస్తే సదువుకో. రాకపోతే మరింకేటీ లేదు, కొట్లో కూకోని బిల్లులు రాసుకో."

"నేను తీసుకెళ్తాను బావా. ఫారం నింపడమేగా! ఈ ఇంట్లో మొదటి డిగ్రీ ఎవరిది?" అన్నాను. నాదే. బీఏ, హిస్టరీ. ఆ మాట అవసరం ఉన్నా లేకపోయినా రోజుకోసారి గుర్తు చేస్తూ ఉంటాను.

ఆ రోజు ముందు బ్యాంకుకి వెళ్లాం, హేమ పేరున ఖాతా తెరవడానికి. "అమ్మాయి మేజరా, మైనరా?" అన్నారు. పద్దెనిమిదికి ఇంకా మూడు నెలలు తక్కువ. "మైనరైతే తండ్రి సంతకం కావాలి, పట్టుకురండి" అని తిప్పి పంపారు. వాదించాను. ఓడిపోయాను. ఆ మంట చల్లారకుండానే కాలేజీకొచ్చాం.

అక్కడ హెల్ప్ డెస్కు దగ్గర, రిటైర్మెంటుకి దగ్గరపడిన గుమస్తాగారు కూర్చున్నారు. హేమని జిరాక్సుల కోసం బస్ కాంప్లెక్సు వైపు పంపి నేను ఆయన ముందు కూలబడ్డాను. పిల్లని పంపడం మొదటి తప్పు. నోరు తెరవడం రెండోది.

"మేజర్ ఏటి పెట్టమంటారమ్మా?"

"మేజర్ కాదండీ, మైనరే. పదిహేడు నిండి తొమ్మిది నెలలు."

"అది కాదమ్మా, మేజర్ అంటే..."

"నాకు చెప్పకండి, నేను బీఏ చదివాను. పొద్దున్నే బ్యాంకులో కూడా తేలిపోయింది, పిల్ల మైనరని."

"ఇది బేంకు కాదమ్మా. ఇక్కడ మేజర్ అంటే..."

"బ్యాంకులో మైనరైన పిల్ల, రెండు వీధులు దాటేసరికి మేజరైపోతాదేటండీ? కంప్యూటర్ సైన్సు మైనర్ గడిలో రాయండి."

వెనక వరసలో ఎవరో తుమ్మారు. శకునం కూడా పాపం ప్రయత్నించింది.

"రాసీసేను. మరి మేజర్ గడిలో?"

"ఖాళీ వదిలేయండి. పద్దెనిమిది నిండాక చూద్దాం."

"ఒగ్గీస్తే కంప్యూటర్ ఒప్పుకోదమ్మా. అసలు మేజర్ అంటే..."

అబ్బ! ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి? పెద్దదయ్యాక చదవాల్సినది ఇప్పుడే అడుగుతున్నారు కాబోలనుకున్నాను. ఈడొచ్చాక మనిషికి బుద్ధినిచ్చే చదువు ఏది? ఇంకేది!

"హిస్టరీ రాయండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నా మొహం చూసి, మళ్లీ పెట్టుకుని రాశారు. నా ఫోనుకి ఓటీపీ వచ్చింది. అది మాత్రం అడగ్గానే చెప్పాను. ఆ రోజు మొత్తంలో నేను వాదించకుండా చేసిన పని అదొక్కటే.

హేమ జిరాక్సులతో పరిగెత్తుకొచ్చింది. "అయిపోయిందేటి పిన్నీ?"

"కంప్యూటర్ సైన్సు రాయించీసాను" అన్నాను. రాయించాను కదా మరి!

ఆరో రోజున కొట్లో ఉండగా నా ఫోనుకే మెసేజ్ వచ్చింది. హేమ లాక్కుని చదివింది. పిల్ల మొహం వానకి తడిసి ఆరిన సిమెంటు బస్తాలా బిగుసుకుపోయింది.

"ఏటొచ్చినాదే?" అన్నాడు బావ.

"బీఏ హిస్టరీ, నాన్నా."

"అదేటి, కొత్త కంప్యూటరా?"

"కాదు. రాజులు."

బావ నా వైపు తిరిగాడు. "ఏటే మరదలా! కంప్యూటర్లకని తోలుకెళ్లి గుంటని రాజులకిచ్చి ఒచ్చీసినావేటి?"

"మైనర్ గడిలో కంప్యూటరే రాయించాను బావా! పిల్ల మైనర్ కదా!"

హేమ నెమ్మదిగా అంది. "పిన్నీ, మేజరంటే డిగ్రీ అంతా చదివే ముఖ్యమైన సబ్జెక్టు. మైనరంటే దాని పక్కన చదివేది. వయసుకేటి సంబంధం?"

"మైనరంటే మా తాత కాలంలో సిల్కు జుబ్బా ఏసుకుని జల్సాగా తిరిగిన జమీందారు కుర్రోడు. ఆడి సేతిలో కంప్యూటరెట్టీసినాది మీ పిన్ని!" అన్నాడు బావ. అప్ప కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొట్లో ఉన్న రైతులు అడ్డం పెట్టుకోకుండానే నవ్వారు.

హేమ నవ్వలేదు. ఏడ్చినా తట్టుకునేదాన్ని. బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కుని, "ఎన్ని బస్తాలు మావా?" అని ఎదురుగా ఉన్న రైతుని అడిగింది. అంతే, నా బీఏ పట్టా అక్కడికక్కడే చెదపట్టింది.

మర్నాడు మొదటి బస్సుకి ఇద్దరం ప్రిన్సిపాల్ మేడం ముందున్నాం.

"రెండో విడతలో కంప్యూటర్ సైన్సు సీట్లున్నాయి, మార్చుకోవచ్చు. కారణం మీ చేత్తో రాసివ్వండి" అన్నారు.

"పొరపాటున అని రాస్తే చాలదా మేడం?"

"ఏ పొరపాటో రాయాలి కదమ్మా."

రాశాను. "అమ్మాయి వయసు పదిహేడేళ్లయినందువల్ల, కంప్యూటర్ సైన్సుకి కూడా మైనారిటీ తీరలేదని నేను భావించి..." మేడం చదువుతూ చదువుతూ కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గారు. తర్వాత గుమస్తాగారిని పిలిచారు. ఆయన మొత్తం చదివి, కాగితం మడిచి, ఎంతో మర్యాదగా అడిగారు.

"మూడుసార్లు సెప్పబోయేనమ్మా. ఇప్పుడు సెప్పమంటారా?"

"చెప్పండి."

చెప్పారు. చివరిదాకా విన్నాను. నా జీవితంలో ఎదుటివాళ్ల వాక్యానికి ఫుల్‌స్టాప్ ఎలా ఉంటుందో చూడటం అదే మొదలు.

హేమకి సీటొచ్చింది. ఇప్పుడు శ్రీకాకుళంలోనే ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తోంది. పొద్దున్న బస్సులో వెళ్లి, సాయంత్రం బస్సులో వస్తుంది. అన్నట్టు, డిగ్రీలో మైనర్‌గా ఏం తీసుకుందో తెలుసా? హిస్టరీ! నా మీద ప్రేమో, ఎగతాళో ఇంతవరకూ తేల్చి చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు.

ఈ ఏడు పాతపట్నం నుంచి మా ఆడపడుచు తన కూతుర్ని తీసుకొస్తే, వాళ్లతో మళ్లీ అదే కాలేజీకి వెళ్లాను. హెల్ప్ డెస్కు మీద గోడకి ఇంత పెద్ద అక్షరాలతో ఒక కాగితం: "గమనిక: మేజర్, మైనర్ అనగా సబ్జెక్టులు. వయసు కాదు." గుమస్తాగారు రిటైరైపోయారు గాని కాగితం రిటైరవలేదు. హిస్టరీలో రాజుల శాసనాలు చదివి పరీక్ష పాసైన వాళ్లు చాలామంది ఉంటారు. బతికుండగా ఒకటి వేయించిన దాన్ని నేనే.

కాబట్టి పైడితల్లమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా "అది కాదమ్మా" అని మొదలుపెడితే వాక్యం పూర్తయ్యేదాకా నోరు విప్పను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నోరు మూస్తే సీటు మంచిది.

అయినా ఒక్క మాట, అక్కడ చదివిన హేమ చూసి చెప్పినదే. బావని అడిగితే వినబడనట్టు బస్తాలు సర్దుకుంటున్నాడు, మీరైనా చెప్పండి. ఆ కాగితం నా ఒక్కదాని కోసమే అయితే, ఏటా పాతది పీకి కొత్తది ఎందుకు అంటిస్తున్నారు?