గేటు మూశాక వచ్చిన అన్నం

మొన్న చెల్లెలి కూతురికి గాజులు కొనడానికి వరంగల్‌లో ఓ లక్క గాజుల దుకాణానికి వెళ్లాను. దుకాణంలోని ఆమె నిప్పుల మీద లక్క ముద్దను వేడి చేసి సాగదీస్తోంది. ఆ వాసన ముక్కుకు తగలగానే ఎందుకొచ్చానో మరిచిపోయాను. యాకూబ్ సార్ గుర్తొచ్చారు. కొవ్వొత్తి మీద లక్క కరిగించి, ఓటింగ్ యంత్రం పెట్టెకు కట్టిన ముడి మీద చుక్క వేసి, దాని మీద ఇత్తడి ముద్ర అదిమి, కాలిన వేలు చప్పున నోట్లో పెట్టుకునే మనిషి ఆయన. ఎన్ని ఎన్నికలు చేశారో గానీ వేలు కాల్చుకోకుండా సీలు వేయడం మాత్రం ఆయనకు రాలేదు.

సార్ హన్మకొండలో ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పేవారు. నేను అప్పుడే కొత్తగా తెలుగు టీచరుగా చేరాను. అసెంబ్లీ ఎన్నికల డ్యూటీ ఉత్తర్వు చేతికి రాగానే తెలిసినవాళ్లందరినీ అడిగాను. స్టాఫ్ రూములో వాళ్లు చెప్పిన కథలు వింటే యుద్ధానికి పంపుతున్నారనిపించింది. పోలింగుకు ముందురోజు సామగ్రి పంచే మైదానంలో, మైకుల హోరు మధ్య మా బృందాన్ని వెతుక్కుంటూ పోతే, ఓటింగ్ యంత్రం పెట్టె పక్కన కూర్చుని పల్లీలు తింటూ సార్ కనిపించారు. మా పోలింగ్ కేంద్రానికి పెద్ద, ప్రిసైడింగ్ ఆఫీసర్, ఆయనే.

"ఏం బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్? ఫికర్ జెయ్యకు. పెండ్లికి పోతానం అనుకో. తినుడు ఎవరిదో, నడుంనొప్పి మనది."

"పెళ్లికి ఇంత బరువు పెట్టెలు మోయరు సార్" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, సగం పల్లీలు నా చేతిలో పోశారు.

మాకు పడింది పరకాల అవతల ఓ ఊరి బడి. సాయంత్రానికి చేరామో లేదో, ఓ పార్టీ మనిషి భోజనానికి పిలవడానికి వచ్చాడు. సార్ చేతులు జోడించి, "మీ ఇంట్ల తింటే రేపు మీ దిక్కు చూసి నవ్వాల్సొస్తది. వద్దు తమ్మీ" అని పంపేశారు. పంచాయతీవాళ్లు మా వంట కొమురమ్మకు అప్పజెప్పారు. ఆ బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది ఆమే. వంటగది రేకులు గాలికి లేచిపోవడంతో ఇంట్లోనే వండి, గిన్నెలు నెత్తిన పెట్టుకుని వచ్చేది. మాట పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది.

మర్నాడు పొద్దున్నే, ఏడింటికి మొదలయ్యే అసలు ఓటింగుకు ముందు, పార్టీల ఏజెంట్ల ఎదుట యంత్రాన్ని పరీక్షించాలి. ఇద్దరు ఏజెంట్లూ వరుసగా మీటలు నొక్కారు. పడ్డ ఓట్లూ, యంత్రం చూపిన లెక్కా సరిపోయాయి. తర్వాత ఆ ఉత్తుత్తి ఓట్లన్నీ చెరిపేసి సార్ తల ఎత్తారు.

"సున్నా కనబడుతాందా? నోటితోని చెప్పుండ్రి."

"సున్నానే సార్" అని వాళ్లు నవ్వారు. సార్ నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వు గూడ చెప్పు" అన్నారు. బడిపిల్లలా చెప్పాను.

నా పని ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టడం. పత్తి ఏరే కాలం కావడంతో ఏ వేలు పట్టుకున్నా గీసుకుపోయి, పగుళ్లు బారి ఉండేది. కొమురమ్మ ఉప్మా తెచ్చేసరికి వరుస గేటుదాకా ఉంది.

"సారూ, నా ఓటెప్పుడెయ్యాలె?" అంది.

సార్ తల ఎత్తకుండానే, "జనం తగ్గినంక తీరిగ్గ ఏద్దువు తియ్యి అక్కా. ముందుగాల మాకింత చాయ్ పొయ్యి" అన్నారు. అందరం నవ్వాం, ఆమె కూడా. మధ్యాహ్నం అన్నం తెచ్చింది, మూడింటికి చాయ్ తెచ్చింది. జనం మాత్రం తగ్గలేదు.

సాయంత్రం పత్తి చేలనుంచి ట్రాక్టర్లలో కూలీలు దిగడంతో వరుస ఇంకా పెరిగింది. గడువు ప్రకారం అయిదు కాగానే సార్ గేటు మూయించి, అప్పటికే వరుసలో ఉన్నవాళ్లకు ఓటేసేందుకు సంతకం చేసిన చీటీలు పంచడం మొదలుపెట్టారు. వరుసలో చిట్టచివర నిలబడ్డవాళ్లకు మొదటి చీటీ. అక్కణ్ణించి ముందుకు. ఎందుకలా అని అడిగాను.

"ముందల్నుంచి ఇచ్చుకుంట వస్తే తోక పెరుగుతనే ఉంటది బిడ్డా. తోకకు ముడి ఏస్తే ఇగ ఎవ్వలు అతకరు."

ఆ మాట పూర్తవుతుండగానే ఇద్దరు కుర్రాళ్లు బండి మీద దూసుకొచ్చారు. సార్ గేటు దగ్గరికి పోయి, టైమ్ అయిపోయిందని చెప్పారు. వాళ్లు గొణుక్కుంటూ అక్కడే నిలబడ్డారు. అంతలో వాళ్ల వెనకనుంచి కొమురమ్మ వచ్చింది, నెత్తిన మా రాత్రి అన్నం గంపతో.

"గేటు తియ్యుండ్రి సారూ. ఓటేసొచ్చి మీకు అన్నం పెడ్త."

పొద్దుటినుంచి కొట్లాడుకుంటున్న ఏజెంట్లిద్దరూ ఆ రోజు ఒకే మాట మీదికి వచ్చింది అప్పుడే. "మన కొమురక్కనే గద సార్, రానియ్యుండ్రి. మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. కానిస్టేబుల్ చెయ్యి అప్పటికే గడియ మీద ఉంది.

"తియ్యకు" అన్నారు సార్.

"సార్, ఆమె మన కోసమే..." అన్నాను నేను.

"ఎరుకే బిడ్డా. ఆ పిలగాండ్లను ఇప్పుడే ఆపిన. మనకు అన్నం తెచ్చినామెకు తీస్తే వాళ్లకేం చెప్పాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఇంత రాతిమనిషి అనుకోలేదు. సార్ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

"తప్పు నాది అక్కా. జనం తగ్గినంక ఏద్దువన్నది నేనే. పొద్దుగాల అందరికన్న ముందు నిన్ను నిలబెట్టాల్సుండె. మాఫ్ జెయ్యి."

కొమురమ్మ గంప దించింది. ఆ పెద్ద గొంతు సన్నగైపోయింది. "పొద్దటిసంది మీ సుట్టే తిరుగుతాన గద సారూ. అయిదేండ్లకోపాలి వచ్చేది..." కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాసేపటికి గంపను గేటు వైపు నెట్టింది. "తినుండ్రి. ఓటు పోయె, అన్నం గూడ పోవాల్నా?"

చీటీ ఉన్న చివరి మనిషి ఓటేశాక యంత్రం మూసి, లక్క కరిగించారు. ఆ సాయంత్రం కూడా సార్ వేలు కాలింది. నోట్లో పెట్టుకోలేదు. కాలిందని తెలిసినట్టు కూడా లేదు.

కొన్నాళ్లకు లెక్కింపు జరిగింది. ఒక్కో రౌండూ టీవీలో చూశాను. గెలిచినాయన మొదటినుంచీ ముందే ఉన్నాడు, చివరికి వేల తేడాతో గెలిచాడు. సార్ మనసు తేలికపడుతుందని ఫోన్ చేసి, "ఆమె ఒక్క ఓటుతో ఏమీ మారేది కాదు సార్" అన్నాను.

"గెలిచినోనికి మారకపోతుండె బిడ్డా. కొమురక్కకు మారుతుండె" అన్నారు. ఆ ఆదివారమే పరకాల బస్సెక్కి ఆమె ఇంటికి పోయొచ్చారట. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. చాయ్ బాగుందని మాత్రం చెప్పారు.

సార్ పోయి ఏడాది కావస్తోంది. ఆయన మీద ఆ రోజు వచ్చిన కోపం నాకెప్పుడో పోయింది. ఆ గేటు దగ్గర ఆయన మొహం మాత్రం పోలేదు. పోయిన అసెంబ్లీ ఎన్నికల్లో మడికొండ దగ్గర నేనే ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని. ఏజెంట్లందరితో సున్నా అనిపించి తల ఎత్తేసరికి, గుమ్మంలో ఒకామె చాయ్ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. నీ ఓటు ఇక్కడేనా అని అడిగాను.

"ఈడనే మేడం. జనం తగ్గినంక ఏస్త తియ్యుండ్రి."

లేచి వెళ్లి ఆమె చేతిలోంచి కెటిల్ తీసుకున్నాను. "లైన్ల ముందు నిలబడు పో. ఇంక ఏడు కాలె."

ఆమె వింతగా చూసి, వెళ్లి నిలబడింది. ఆ రోజు మా కేంద్రంలో మొదటి ఓటు ఆమెదే. సిరా ఆరని వేలు ఎత్తి పట్టుకుని వచ్చి, రెండో చేత్తో కెటిల్ తడిమి చూసి, "సల్లగైంది మేడం, మల్ల కాసుకొస్త" అంది. వద్దన్నాను. సార్ అక్కడుంటే ఆ చల్లటి చాయే అడిగి తాగేవారు. నేనూ అదే తాగాను.