జూన్ ఒకటిన పుట్టిన పిల్ల

మొన్న మా తమ్ముడి కూతురు ఫోను పట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా ఇంట్లోకి వచ్చింది. ఆస్ట్రేలియావాళ్లు మన పిల్లలకు ఏడాదిపాటు అక్కడ తిరుగుతూ, ఖర్చులకు దొరికిన పని చేసుకుంటూ ఉండే వీసా ఇస్తున్నారట, చీటీలు తీసినట్టు పేర్లు తీస్తారట, ముప్ఫై ఒకటి మాత్రం నిండి ఉండకూడదట. పదేళ్లుగా అలిపిరి దారిలో ఒక లాడ్జి కౌంటరులో కూర్చుని, వచ్చేవాళ్ల పేర్లూ ఊళ్లూ రాసుకుంటూ, తను మాత్రం మద్రాసు దాటి ఎరగని పిల్ల. నా పక్కనే కూర్చుని ఉత్సాహంగా వివరాలు నింపి, పాస్‌పోర్టులో ఉన్నట్టే పుట్టిన తేదీ జూన్ ఒకటి అని కొట్టింది. ముప్ఫై ఒకటి నిండి పది రోజులైంది, అర్హత లేదని వచ్చింది. నిజానికి దానికి ఇంకా ముప్ఫై కూడా నిండలేదు. ఆ తేదీ రాసింది నేను.

మన తరం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చంద్రగిరి పక్క పల్లెలో నేను టీచరుగా ఉన్న రోజుల్లో సగం బడి జూన్ ఒకటినే పుట్టింది. తల్లులు వేరుశనగ బాగా పండిన ఏడనో, వాన కురిసిన శుక్రవారమనో చెప్పేవాళ్లు, మేము ఐదేళ్లు నిండేలా వెనక్కి లెక్కబెట్టి రిజిస్టరులో ఆ తేదీ వేసేవాళ్లం. ఐదేళ్లు వచ్చాయో లేదో చూడటానికి ఉన్నది ఒకటే పరీక్ష, కుడిచేయి నెత్తిమీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనడం.

ఒక ఏడు మా మరదలు, దీని తల్లి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనికి కుదిరింది. నాలుగేళ్లు కూడా నిండని పిల్లను ఎవరి దగ్గర వదలాలా అని ఆమె సతమతమవుతుంటే, నేను బడికి తీసుకుపోతానన్నాను. ఊరికే తెచ్చి కూర్చోబెట్టుకోవచ్చు కదా, రిజిస్టరులో ఎక్కించడమెందుకని మీరు అడగవచ్చు. నాకు పిల్లలు లేరు. రోజూ నేను పిలిచే హాజరులో ఆ పేరు ఉండాలని ఆశపడ్డాను, ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు. ఉద్యోగాల కోసం అందరూ పిల్లల వయసు తగ్గించి రాయించుకునే కాలంలో నేను పదిహేడు నెలలు పెంచి రాశాను.

చేయి ఎంత చాచినా చెవికి అందలేదు. నాలుక బయటపెట్టి, మెడ వంకర తిప్పి నానా తంటాలూ పడింది పాపం. హెడ్మాస్టరు గారు నవ్వి, “ఏం టీచరమ్మా, సెయ్యి అందలేదే?” అన్నారు. మా ఇంట్లో అందరివీ పొట్టి చేతులే సార్ అని దబాయించి, నేనే దాని తల పక్కకు వంచి చెవిని వేళ్లకు తగిలించాను. పిల్లలంతా నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు హాజరు పిలిస్తే అది లేచి నిలబడి, “వచ్చినాను అత్తా” అంది. ఆ రోజంతా నా కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్టులోకి, అక్కడినుంచి పాస్‌పోర్టులోకి ఎక్కింది. ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్ల కాబట్టి అసలు తేదీకి కాగితమే లేదు. దిద్దించాలంటే కోర్టులో ఏళ్లు పట్టవచ్చు, అప్పటికి నిజం వయసు కూడా ముప్ఫై ఒకటి దాటిపోతుందని, నేను వెళ్లి అడిగితే వకీలు చెప్పాడు.

మనసులో పెట్టుకోలేక నిన్న దానికి అంతా చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడి ఉంటే బాగుండేది. అది కుడిచేయి నెత్తిమీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకుని, “ఇబ్బుడు అందతా ఉండాది, సూడత్తా” అని నవ్వబోయి ఏడ్చేసింది. ఏ మొహం పెట్టుకుని దగ్గరికి తీసుకునేది? అయినా తీసుకున్నాను.

ఇప్పుడు బిడ్డ పుట్టిన గంటా నిమిషమూ ఆసుపత్రిలోనే కాగితం మీదికి ఎక్కుతున్నాయి, ఏ టీచరూ ప్రేమకొద్దీ ఒక్క రోజు కూడా అటూ ఇటూ జరపడానికి వీల్లేదు. అదే మంచిది. నాలుగు నెలలు ఎక్కువైతే ఏం, తక్కువైతే ఏం అనుకుని బతికేశాం మనం, ఆ నెలలన్నీ ఒక పిల్ల దారికి అడ్డంగా వచ్చి నిలబడతాయని తోచలేదు. ఈ పొద్దు కూడా అది ఎప్పటిలాగే లాడ్జికి పోయింది. సాయంత్రం ఫోను చేసి, భుజాన సంచులతో ఇద్దరు ఆస్ట్రేలియా ఆడపిల్లలు వచ్చి దిగారని, రిజిస్టరులో తనే రాసుకున్నానని చెప్పి, వాళ్ల ఊరి పేరు నాకు రెండుసార్లు చదివి వినిపించింది.